తువ్వాలు కింద ఎల్‌కేజీ

ఆ రోజుల్లో చిన్నపిల్లలకు చదువు చెప్పడమంటే గోడలకు చార్టులు అతికించడమేనని నేను గట్టిగా నమ్మేదాన్ని. డీఎడ్ పూర్తిచేసి సరిగ్గా రెండు నెలలైంది, సర్టిఫికెట్‌కు వేసిన ప్లాస్టిక్ కవరు ఇంకా నలగలేదు, పిల్లల మనసు గురించి నాకు తెలియనిదంటూ లోకంలో ఏమీ మిగల్లేదు. (పిల్లల్ని దగ్గర నుంచి చూసింది మాత్రం ట్రైనింగ్‌లో కొన్నాళ్లే, అందులోనూ సగం సెలవులు.) ఖానాపురం హవేలిలో మా అక్కావాళ్లింట్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. అక్క కూతురికి అప్పుడు నాలుగేళ్లు. ఒకచోట కుదురుగా ఉండదు, చేతికందింది పట్టుకుపోయి ఎక్కడో దాచేస్తుంది కాబట్టి ఇంటిల్లిపాదీ దాన్ని ఉడత అనే పిలిచేవాళ్లం. ఆ ఉడతకు చదువు చెప్పే భారం నా మీద పడింది. పడింది అంటున్నాను గానీ, నిజానికి నేనే లాక్కుని మీద వేసుకున్నాను.

మా వీధి చివర ఉన్న ప్రైవేటు బడిలోనే దాన్ని ఎల్‌కేజీలో చేర్చాలని బావ పట్టుదల. అదే బడిలో చిన్నపిల్లల టీచరు కావాలని తెలిసి నేనూ వెళ్లాను. అక్కడి పెద్ద మేడం నా కాగితాలు అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టింది. "కాగితాల మీద అందరూ మంచిగనే ఉంటరమ్మా. మీ అక్క బిడ్డకు ఇంట్ల నువ్వే చెప్తున్నవంట గదా. ఇంటర్వ్యూకు నువ్వే తోల్కరా. ఆ పిల్ల నోరు తెరిస్తే నువ్వెట్ల చెప్తవో నాకు తెలుస్తది" అంది. అంటే ఉడత మాట్లాడితే ఇద్దరికీ సీటు, మాట్లాడకపోతే ఇద్దరం ఇంటికే. నా బతుకు తీసుకెళ్లి ఇంకా జడ కూడా రాని పిల్ల చేతిలో పెట్టిందే అని ఒళ్లు మండింది. అయినా లోపల ధైర్యంగానే ఉంది. అప్పటికే ఉడత ఒకటి నుంచి ఇరవై దాకా గుక్కతిప్పుకోకుండా చెప్పేది, ఇంగ్లీషులో కూడా.

సరిగ్గా అప్పుడు దిగాడు దమ్మపేట నుంచి మా నాయిన, కంటి ఆపరేషన్ కోసం. ఆయన బతుకంతా పశువుల సంతల్లో దళారీ. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి బేరం కుదర్చడం ఆయన పని. ఆ బేరంలో అంకె పైకి చెప్పరు. భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పి, కింద వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు, ఎన్ని వేళ్లు పడితే అంత. చుట్టూ ఎంతమంది నిలబడి చూస్తున్నా ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఎండలోకి పోవద్దన్నాడు, టీవీ చూడొద్దన్నాడు. మనిషికి ఏం తోచాలి? రోజూ మధ్యాహ్నం నల్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చునేవాడు. పక్కన ఉడత. మధ్యలో తువ్వాలు. ఇద్దరూ ఏదో చేసుకుంటూ ముసిముసిగా నవ్వుకునేవారు. పోనీలే, పిల్ల అల్లరి చేయకుండా కూర్చుంది అని మురిసిపోయి నేను లోపల పండ్ల చార్టు పక్కన కూరగాయల చార్టు అతికించుకున్నాను.

ఇంటర్వ్యూ ఇంకో పది రోజులుందనగా ఉడత అంకెలు చెప్పడం మానేసింది. నాలుగు చిక్కుడుకాయలు ముందు పెట్టి ఎన్ని అని అడిగితే అటు చూస్తుంది, ఇటు చూస్తుంది, పెదవులు బిగిస్తుంది. బిస్కెట్ ఇస్తానంటే బిస్కెట్ తీసుకుంటుంది, అంకె మాత్రం ఇవ్వదు. బావ ఆఫీసు నుంచి వచ్చి ఇంగ్లీషులో అడిగితే ఏ భాషలోనూ పలకలేదు. "ఏంది మరదలా, నీ చార్టులు చూసి పిల్ల బెదిరినట్టుందే" అని నవ్వాడు. ఆ నవ్వుకు నాకు అన్నం సహించలేదు. రెండు రోజులు బతిమాలి, ఒకరోజు అలిగి, చివరికి స్నానం చేయిస్తూ మెల్లగా అడిగితే ఉడత నా చెవి దగ్గరికి వచ్చి, "పైకి చెప్తే బేరం పోతది పిన్నీ. పక్కోళ్లు వింటరు" అంది.

చెంబు అక్కడే వదిలేసి వరండాలోకి పరిగెత్తాను. "ఏంది నాయినా, పిల్లకు ఏం నేర్పినవ్?"

"లెక్క నేర్పిన. నీ చార్టు ఇరవై కాడనే ఆగింది. పిల్ల నా కాడ యాభై దాక పోయింది" అన్నాడు, నల్లద్దాలు సర్దుకుంటూ.

"మరి నోటితోని చెప్పమను! నా నౌకరి దాని నోట్లనే ఉంది."

"అవ్, చెప్తది తియ్. గంతదానికి లొల్లెందుకు?" అని ఉడతను పిలిచి, "తాత చెప్తున్న బిడ్డా, ఇగ పైకి చెప్పొచ్చు" అన్నాడు. ఉడత తడి తలతో నిలబడి, తాత వైపు వేలు ఊపి నవ్వింది. "నన్ను ఎర్రిదాన్ని చేస్తున్నవ్ తాతా. సొంతోళ్లు అడిగినా చెప్పొద్దని నువ్వే అన్నవ్ గదా!" నేను ఏడవడం ఒక్కటే తక్కువ. మా నాయిన మాత్రం తొడ చరిచి, "సూసినవా, ఎంత గట్టి పిల్లనో!" అని మురిసిపోయాడు. ఆ తర్వాత ఆయన ఎన్ని ఒట్లు పెట్టినా ఉడత నమ్మలేదు. ఎంత ఎక్కువ చెప్పమంటే అంత పెద్ద పరీక్ష అనుకుంది.

ఇంటర్వ్యూ రోజు బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు నడిచాడు. వెనక నేను, దేవుళ్లందరినీ వరసపెట్టి తలచుకుంటూ. ఉడత సంచీ ఎందుకో బాగా ఉబ్బి ఉంది. మురుకులు సర్దుకుందేమో అనుకున్నాను. పెద్ద మేడం దాన్ని పేరడిగింది, చెప్పింది. రంగులడిగింది, చెప్పింది. నాకు ఊపిరి ఆడడం మొదలైంది. అప్పుడు మేడం బల్ల మీద ఏడు పెన్సిళ్లు పరిచి, "ఇవి ఎన్ని నాన్నా?" అంది. ఉడత అటు చూసింది, ఇటు చూసింది. కుర్చీ దిగి, సంచీ తెరిచి, అందులోంచి మా నాయిన తువ్వాలు లాగింది. దాన్ని తీసుకెళ్లి మేడం కుడిచేతి మీద కప్పి, తన చెయ్యి కిందికి దూర్చింది. బావ గోడ మీది క్యాలెండరు చదవడంలో మునిగిపోయాడు. నేను కళ్లు మూసుకున్నాను.

ఎంతసేపటికీ తిట్లు వినిపించకపోయేసరికి ఒక కన్ను తెరిచాను. మేడం ముఖం మెల్లగా వెలుగుతోంది. "ఐదు పట్టి వదిలింది, మళ్లీ రెండు పట్టింది" అంది తనలో తాను. బల్ల మీద ఇంకో నాలుగు పెన్సిళ్లు వేసింది. తువ్వాలు కింద ఏదో కదిలింది. మేడం తల ఊపింది. "మాది కల్లూరు దిక్కమ్మా. మా నాయిన ఎడ్ల బేరానికి పోతుంటే ఎంటబడి పోయేదాన్ని. తువాల కింద చెయ్యి పెట్టబోతే, ఆడపిల్లవు నీకెందుకే అని కసిరేటోడు. ఇన్నేండ్లకు నాకు ఈ పొట్టిది నేర్పింది" అంది. వెంటనే నావైపు తిరిగింది. "పిల్లకు సీటు ఇస్తున్న. ఇగ నీ సంగతి. ఎంతమంది పిల్లలను చూస్తవ్? చెయ్యి పెట్టు."

పెట్టాను. ఆమె ఐదు వేళ్లూ రెండుసార్లు పట్టాను, పదిమంది అని. ఆమె నా చెయ్యి పట్టింది. వదిలింది. పట్టింది. వదిలింది. అలా ఏడుసార్లు. తువ్వాలు కిందికి తొంగి చూస్తున్న ఉడత కెవ్వున అరిచింది, "పిన్నీ, ఒప్పుకోకు! మస్తు ఎక్కువ చెప్తుంది!" బావ క్యాలెండరు వదిలి పకపకా నవ్వాడు. నేను ఒప్పుకున్నాను.

ఆ ముప్పై ఐదుమంది ఇప్పటికి చాలాసార్లు మారారు. ప్రతి జూన్‌లో నోరు విప్పని పిల్ల ఒకతి వస్తుంది. నేను చార్టు చూపించను, చున్నీ పరుస్తాను. ఉడత ఇప్పుడు హైస్కూల్లో ఉంది. ఈ సంగతి ఎత్తితే సిగ్గుపడి గదిలోకి పోతుంది. కానీ నాకు ఆ రోజుల్లోని నన్ను తలచుకుంటేనే ఎక్కువ నవ్వొస్తుంది. ఇంటి నిండా చార్టులు అతికించి, వరండాలో నడుస్తున్న బడిని మాత్రం చూడలేకపోయింది పాపం, ఆ డీఎడ్ పిల్ల.

మొన్న దమ్మపేట వెళ్లినప్పుడు అడిగేశాను. "నాకూ అక్కకూ ఎందుకు నేర్పలే నాయినా?" "తప్పే బిడ్డా. అప్పుడు తోచలే" అన్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది చూసి భుజం మీది తువ్వాలు తీసి మా చేతుల మీద కప్పాడు. "టీచరమ్మవు గదా, నీకు నేనెన్ని మార్కులేస్తున్ననో చూడు" అని నా వేళ్లు పట్టాడు. ఎన్ని పట్టాడో నేను చెప్పను. పైకి చెబితే పక్కవాళ్లు వింటారు.