మొగిలమ్మ అడిగిన మాట

చిత్తూరు ట్యుటోరియల్లో ముందు బెంచీ మొగిలమ్మది. కొంగు నడుముకు దోపుకుని, పదో తరగతి తప్పిన పిల్లకాయల మధ్య పెద్దమ్మలా కూర్చుంటుంది. పగలంతా బంగారుపాళ్యం తోటలో మామిడికాయలు గంపలకెత్తే చేతులు ఆమెవి. మామిడి సొనకు కాలి మచ్చలు పడ్డ ఆ వేళ్లతోనే పెన్సిలును కొడవలి పిడిలా బిగించి పట్టుకుంటుంది. పది పాసైతే ఊళ్లో బాలవాడి టీచరుగా తీసుకుంటామన్నారు. అన్నీ గట్టెక్కినా ఇంగ్లీషు ఒక్కటే ప్రతిసారీ తప్పుతోంది. తప్పిన రోజు బాగా ఏడుస్తుంది. మర్నాడు మళ్లీ అదే బెంచీలో కనిపిస్తుంది.

ఆ సాయంత్రం రాజారత్నం మాస్టారు బోర్డు మీద ‘టైర్‌లెస్’ అని రాసి, ‘అలుపెరగని’ అని అర్థం చెప్పి, సొంత వాక్యం అడిగారు. మొగిలమ్మ లేచి, “ఐ యామ్ టైర్‌లెస్” అంది. వెనక బెంచీలు నవ్వాయి.

“వాక్యం సరిగానే ఉండాదమ్మా. అయితే ఇంగ్లీషోళ్లు ఈ మాట తమ గురించి తాము చెప్పుకోరు. పక్కోళ్లు మెచ్చి చెప్పాల,” అన్నారు మాస్టారు.

మొగిలమ్మ కూర్చోలేదు. “అయినా అది అబద్ధమే లెండి సార్. నేను రోజూ అలిసిపోతాను. బస్సులో నిలబడే నిద్రపోతాను. అయినా వస్తానే ఉండాను. దానికేం మాట సార్?”

మాస్టారు సుద్దముక్కతో బోర్డు వైపు తిరిగారు. ‘టైర్‌లెస్’ను చెరిపేశారు. బయట బస్సు హారన్ మోగింది.

“తొందరేం లేదు సార్,” అంది మొగిలమ్మ, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ. “రేపు చెప్పండి. వస్తాను గదా.”