మా మరిది ముక్కలు చేసిన ఇండెక్స్

మా మరిది ఆసుపత్రిలో డేటాబేస్ చూసుకుంటాడు. పై అంతస్తు చల్లగదిలో అతను, కింద చీటీల కౌంటర్లో నేను. ఒకే ఇంట్లో తింటాం, ఒకే చోట పనిచేస్తాం. అయినా చొక్కా తిరగేసి తొడుక్కున్నా తెలియని మనిషికి నా అవస్థ ఏం తెలుస్తుంది!

నాకు మాత్రం పీకల మీదికొచ్చింది. రోగి ఫోన్ నంబరు కొడితే పాత వివరాలు ఎంతకీ వచ్చేవి కావు. వరుసలో జనం నన్నే తిట్టేవారు. నెలాఖరుకల్లా వరుస కదలకపోతే నన్ను దుప్పట్ల గదికి మార్చేస్తామన్నారు సూపరింటెండెంటు గారు. నలుగురి మధ్య కూర్చునే ఆ కుర్చీ అంటే నాకు ప్రాణం.

భోజనాల దగ్గర మరిదిని దులిపేశాను.

"ఎవరి వివరాలు ఎక్కడున్నాయో చూపించే ఇండెక్స్ బాగా పెరిగిపోయింది వదినా. సంవత్సరాలవారీగా ముక్కలు చేసేస్తా. ఏదో ఒక ముక్కలో వెతికితే చాలు," అన్నాడు.

చేశాడు. ఆలస్యం ఇంకా పెరిగింది! పై నుంచి ఫోన్ చేసి, "రోగి మొదట ఏ సంవత్సరంలో వచ్చారో కొట్టట్లేదా?" అన్నాడు. అది చెప్పకపోతే యంత్రం ముక్కలన్నీ తిరగేస్తుందట.

"నువ్వే వచ్చి అడుగు నాయనా!" అని ఫోన్ పెట్టేశాను.

వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. "మొదట ఎప్పుడొచ్చారండీ?" అని ఒక పెద్దాయన్ని అడిగాడు.

"నొప్పొచ్చినప్పుడు," అన్నాడాయన.

ఆ వెనకావిడ, కూర్చుని జీతం తీసుకోవడం తప్ప ఏమీ చేతకాదని నన్ను కడిగేసింది. నాకది మామూలే. మరిది మొహం మాత్రం కందగడ్డయింది.

మధ్యాహ్నం దాకా అక్కడే నిలబడ్డాడు. సంవత్సరం ఎవరికీ గుర్తులేదు, ఫోన్ నంబరు అందరికీ నోటికొచ్చు. పైకెళ్ళి, ఈసారి ఇండెక్స్‌ను నంబరు చివరి అంకెను బట్టి విడగొట్టాడు. ఏడుతో ముగిసే నంబరు కొడితే యంత్రం ఏడో ముక్కలోకే వెళుతుంది, మిగతావాటి జోలికి పోదు.

మర్నాడు కొట్టీకొట్టగానే వివరాలు వచ్చేస్తున్నాయి. ఎలా ఉందో చూడ్డానికి మరిది కిందికొచ్చాడు. అప్పుడే సూపరింటెండెంటు గారూ వచ్చి, పలచబడిన వరుసను చూసి నవ్వారు.

"చూశారా, కాస్త గట్టిగా చెప్పేసరికి చెయ్యి ఎలా ఆడుతోందో! ఇక మీరిక్కడే ఉండండి."

ఒళ్ళు మండిపోయింది. కుర్చీ దక్కిందని పళ్ళు బిగబట్టాను.

"మా వదిన చెయ్యి ఎప్పుడూ బాగానే ఆడింది సార్," అన్నాడు మరిది, వరుసంతా వినేలా. "ఆలస్యం నాది. ఇన్నాళ్ళూ తిట్లు మాత్రం ఆవిడ తింది."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ముందున్నావిడ నంబరు చెబుతోంది. కళ్ళు తుడుచుకుని కొట్టాను.