ఒంట్లో మిగిలిన కరెంటు

పెద్ద దవాఖానలో నా గుండెకు కరెంటు పెట్టి దారికి తెచ్చారు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం లోపలెక్కడో దాక్కుని, పెళ్లయి పిల్ల పుట్టాక బయటపడిందట. గుండె తనకు తోచినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టింది. నాచారం ఫ్యాక్టరీలో నాలుగు మెట్లెక్కితే చాలు, కళ్లు తిరిగి గోడ పట్టుకునేవాణ్ణి. మాత్రలకు లొంగకపోయేసరికి మత్తు సూది ఇచ్చి, ఛాతీ మీద రెండు పలకలు ఆనించి షాక్ ఇచ్చారు. మెలకువ వచ్చేసరికి గుండె బుద్ధిగా కొట్టుకుంటోంది. పలకలు ఆనించిన చోట చర్మం ఎర్రగా కమిలింది.

"అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పుతుంది, దానికి భయపడకు. మొత్తానికే గతి తప్పితే మాత్రం ఆలస్యం చెయ్యకుండా రా" అన్నాడు డాక్టరు. చెప్పడం ఆయనకు సులువే. ఒకటి తప్పడానికీ మొత్తం తప్పడానికీ మధ్య బతకాల్సింది నేను.

కోలుకునేదాకా తోట గాలి మంచిదని మా అత్తమ్మ మమ్మల్ని ఉప్పల్ తీసుకొచ్చింది. నాచారంలో మా అద్దె గదికి తాళం పడింది. డెబ్బైల మొదట్లో ఉప్పల్ చుట్టూ ద్రాక్షతోటలుండేవి. మామ పోయాక తమ చిన్న తోటను అత్తమ్మే చూసుకునేది. పందిళ్ల పక్కనే బావి, బావి మీద మోటారు, కాస్త దూరంలో ఇల్లు.

నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. పందిళ్ల కింద ఆ చివరికీ ఈ చివరికీ తిరిగేవాణ్ణి. వేళ్లు వాటంతటవే మణికట్టు మీదికి పోయేవి. ఎవరైనా పలకరిస్తే నాడి పట్టుకునే జవాబు చెప్పేవాణ్ణి. మాత్రల వల్ల చెవుల్లో ఒకటే హోరు. ఉన్నట్టుండి ఒక దెబ్బ తప్పేది. గుండె జారి కడుపులో పడ్డట్టుండేది, తర్వాతి దెబ్బ లోపలి నుంచి తన్నేది. ఇంకోటి తప్పుతుందేమోనని ఊపిరి బిగబట్టి నిలబడిపోయేవాణ్ణి. బావి మోటారు చప్పుడు కాస్త తడబడినా ఆగి చెవి పెట్టి వినేవాణ్ణి.

"ఏందయ్యా, మోటరుకు గూడ నాడి జూస్తున్నవా?" అని నా భార్య నవ్వేది. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండేది.

అసలు బాధ అది కాదు. మా పాప అప్పుడు ఇంకా పాకుతోంది. నేను పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి చాప మీద వాలగానే, నా ఛాతీ మీద చెవి ఆనించి బోర్లా పడుకుని నిద్రపోయేది. ఉయ్యాలలో వేస్తే ఊరుకునేది కాదు. దవాఖాన నుంచి వచ్చాక అత్తమ్మ పిల్లను నా దగ్గరికే రానివ్వలేదు.

అందుకు ఆమె లెక్క ఆమెకుంది. ఒక వానాకాలం తడి చేత్తో మోటారు స్టార్టర్ ముట్టుకుంటే అది ఆమెను విసిరికొట్టింది. చాలా రోజులు చెయ్యి తిమ్మిరి వదల్లేదు. అప్పటి నుంచి చిన్న స్విచ్చు కూడా ముట్టుకునేది కాదు, అన్నిటికీ కూతుర్నే పిలిచేది.

"కరెంటు పట్టినోన్ని ముట్టుకుంటే ముట్టినోళ్లకు గూడ పడ్తది. గిది ఎర్కలేనోళ్లు ఎవరున్నరు?" అంది.

"అది తీగె పట్టుకొని ఉన్నప్పుడత్తమ్మా! నన్నెప్పుడో ఇడ్శిపెట్టింది."

"ఇడ్శిపెడ్తే మరి గుండె గట్లెందుకు ఎగురుతుంది? లోపట ఇంకింత మిగిలింది. పెద్దోళ్లం మనం తట్టుకుంటం. పసిపిల్ల తట్టుకుంటదా?"

ఆమె ఇంట్లో చెప్పులు గడప దాటి లోపలికొచ్చిన రోజు లేదు. అలాంటిది నాకు రబ్బరు చెప్పులు తెప్పించి, ఇంట్లో కూడా వేసుకునే తిరగమంది. చెక్కపీట మీద తప్ప నేల మీద కూర్చోనిచ్చేది కాదు. స్నానం చేసి తడి ఒంటితో వస్తుంటే పిల్లను చంకనేసుకుని దారి తప్పుకునేది. ద్రాక్ష కోసే ఆడవాళ్లు కూడా "పాణం ఎట్లుందన్నా?" అని దూరం నుంచే అడిగి పోయేవాళ్లు.

నేను ఇంతెత్తున లేచేవాణ్ణి. చెప్పులు విసిరేసేవాణ్ణి, అన్నం మధ్యలో లేచిపోయేవాణ్ణి. లోపల మాత్రం అత్తమ్మ అడ్డుపడటమే నయమనిపించేది. పాపను ఎత్తుకోవాలని ప్రాణం కొట్టుకునేది. ఎత్తుకున్నాక కళ్లు తిరిగి జారవిడిస్తే? నా ఛాతీ మీద పడుకుని ఉండగానే గుండె ఆగిపోతే? భయపడుతున్నానని భార్యతో కూడా చెప్పలేదు, తప్పంతా అత్తమ్మ మీదికే నెట్టి అరిచేవాణ్ణి.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. టేబుల్ ఫ్యాను ఆగింది, బావి మోటారూ ఆగింది. నా భార్య తోటలో పళ్లు గంపలకెత్తిస్తోంది. ఉక్కకు పాప ఏడుపు అందుకుంది. అత్తమ్మ ఉయ్యాల ఊపింది, భుజాన వేసుకుని తిరిగింది, ఏ పాటా పనిచెయ్యలేదు. ఏడ్చి ఏడ్చి పిల్లకు గొంతు బొంగురుపోయింది. నేను గుమ్మం దగ్గర నిలబడి మణికట్టు నొక్కుకుంటున్నాను.

అత్తమ్మ ఆగిన ఫ్యాను వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"కరెంటు వోయింది గద. ఇప్పుడేం గాదు. జల్ది సాప మీద పండు."

ఊళ్లో తీగల్లో పోతే నా ఒంట్లో కూడా పోయినట్టే! నవ్వాలో అరవాలో తెలియలేదు. వద్దని చెప్పడానికి నా దగ్గర సాకు మిగల్లేదు. పడుకున్నాను. ఆమె మునివేళ్లతో ఒకసారి నా భుజం తాకి చూసుకుని, పిల్లను ఛాతీ మీద పడుకోబెట్టి వసారాలోకి వెళ్లింది.

పాప వెక్కుతూనే చెవి ఆనించింది. సరిగ్గా కమిలిన చోటే. మంట పుట్టింది. వెంటనే ఒక దెబ్బ తప్పింది. నేను బిగుసుకుపోయాను. తర్వాతి దెబ్బ తన్నింది, పాప తల చిన్నగా ఎగిరింది. కళ్లు తెరిచి నన్ను చూసింది. మళ్లీ మూసుకుంది. వెక్కిళ్లు ఆగాయి. కాసేపటికి నోరు తెరిచి నిద్రపోయింది, చొంగ నా ఛాతీ మీదికి కారుతోంది.

ఎంతసేపు గడిచిందో, ఫ్యాను గిర్రున తిరగడం మొదలుపెట్టింది. పక్క తోటలో మోటారు మోగింది. అత్తమ్మ పరుగున వచ్చింది. పిల్లను లాక్కోవడానికి వంగి, దాని ముఖం చూసి ఆగిపోయింది. చాచిన చేతులు అలాగే ఉన్నాయి.

నా చెక్కపీట తీసుకుపోయి మెయిన్ స్విచ్చు కింద వేసింది. ఇంటికీ బావికీ కలిపి ఒకటే మెయిన్. మూలనున్న ఎండు కట్టె అందుకుని పీటెక్కి, కళ్లు గట్టిగా మూసుకుని పిడిని కిందికి లాగింది. ఫ్యాను ఆగింది. ఆమె పీట దిగి కట్టెను మళ్లీ మూలన పెట్టింది. చుట్టుపక్కల తోటలన్నిటికీ నీళ్లు పారుతున్నాయి, మా బావి దగ్గర చప్పుడు లేదు.

వచ్చి నా పక్కన, వట్టి నేల మీద కూర్చుంది. విసనకర్రతో మా ఇద్దరికీ విసురుతూ గుసగుసగా అడిగింది.

"గుండె మంచిగ కొట్టుకుంటుందా?"

నా రెండు చేతులూ పాప వీపు మీద ఉన్నాయి.

"ఏమో అత్తమ్మా, నేను జూస్కోలే" అన్నాను.