మిగిలిన పందొమ్మిది గొర్లు

మా యారాలు, మా ఇంటాయన అన్న పెండ్లాం సుక్కమ్మకూ నాకూ పడదని అమ్రాబాద్ దిక్కున్న మా ఊరంతటికీ ఎరుకే. నా నోరు అసొంటిది, దాచుకునేదేముంది? నల్లా కాడ బిందె ముందు పెట్టిందని ఆర్నెల్లు ఆమెతోని మాట్లాడలే నేను. ఆమె మాత్రం ఎదురైతే నవ్వేది. అది చూస్తె నాకు ఇంకింత మండేది.

మా బావ పోయినంక అరవై గొర్ల మందను సుక్కమ్మ ఒక్కతే మేపుకునేది. తెలంగాణ వచ్చిన మరుసటేడు వానలు మొఖం చాటేసినయ్. గా ఏడే ఒకనాడు, చెల్లె ఇంట్ల పురుడైందని పోతూ, "ఒక్క పూట మందను జర చూస్కో" అని మా ఇంటాయన గిరికి అప్పజెప్పింది. గిరి ఆటో నడిపెటోడు, కానీ గొర్లల్ల పుట్టి పెరిగినోడే.

ఎక్కడ చూసినా పచ్చి గడ్డి లేదు. గొర్లు ఆకలికి అరుస్తుంటే ఈయనకు పాణం ఆగలే. కోసిన జొన్నచేన్ల పిలకలు పచ్చగ కనవడితే, కడుపునిండ తింటయని తోలిండు. వాన పడక వాడిన జొన్నపిలక గొర్రెకు విషం. మా కురుమోళ్ల పిల్లలు నడక నేర్చిన కాన్నుంచి వినే మాట అది. జాలి మీద ఆ ఒక్కటి మరిచిండు.

అద్దగంటల గొర్లు తూలుకుంట పడుడు షురువైంది. పశువుల డాక్టరు వచ్చి సూదులేస్తే పందొమ్మిది బతికినయ్. మిగతయి గుంత తీసి పూడ్చినం. ఆ గుంత కాడ కూసోని సుక్కమ్మ ఏడ్చిన ఏడుపు నాకిప్పటికీ వినవడుతది.

గిరి ఇంటి ఎనుక గోడకు ఒరిగి కూసున్నడు. మూడొద్దులు అన్నం ముట్టలే. ఏం చేసుకుంటడో అని నాకు భయం పట్టింది. ఇంట్ల ఉన్న పురుగుమందు డబ్బా తీసుకపోయి మా అమ్మగారింట్ల పెట్టొచ్చిన. సుక్కమ్మ తిట్టనీకి ఎప్పుడొస్తదా అని ఎదురుచూసుకుంట, తిరిగి అనే మాటలు నూరుకుంట కూసున్న. నా మొగన్ని ఏమన్న అంటే ఊకుంటనా?

నాలుగోనాడు పొద్దుగాల వచ్చింది, బతికిన గొర్లను తోలుకోని. నన్ను దాటి సీదా గిరి ముందర నిలవడి కట్టె చాపింది.

"లే గిరీ. గొర్లు ఆకలి మీదున్నయ్."

"నా చేతుల పెట్టకు వదినె. సంపినోణ్ని నేను."

"సంపాల్నని తోల్లేదు గద నువ్వు. నాకు కడుపు మండలేదా అంటే మండింది. మూడొద్దులు నిన్నే తిట్టుకుంట ఏడ్చిన. పండుకున్నా అదే, బుక్క నోట్ల పెట్టినా అదే. పోయినయ్ రాలే, నా నిద్ర పోయింది. నాకింక గా మంట వద్దు. పంచాయితీ పెడ్తమన్న పెద్దలకు గూడ వద్దనే చెప్పిన. నేను పోయి పండుకుంట, నువ్వు తోలుకపో."

కట్టె ఆయన ఒళ్లె పెట్టి పోయింది. నేను నూరుకున్న మాటలన్నీ దండుగైనయ్. సంపినోని చేతికే మళ్ల మందనిచ్చుడేంది? అసొంటి మనిషిని నేను ఎన్నడూ చూడలే. నాకు అంత గుండె లేదని గప్పుడే ఒప్పుకున్న.

గిరి చానసేపటికి లేసి గొర్ల ఎంట పోయిండు. నాకు ఒక్క జాగల కాలు నిలవలే. పగటాల్ల సుక్కమ్మ ఇంట్లకు తొంగి చూస్తే, చాప మీద పండుకోని గురక పెడుతాంది. ఏ ఫికర్ లేదు. నేను తలుపు కాడ కూసోని ఆమె మీద ఈగలు తోలిన.

పొద్దుగూకంగ గిరి మందతోని వచ్చిండు. గొర్లు ఇల్లు చేరితే దొడ్డి కాడ నిలవడి ఒక్కొక్కదాన్ని తట్టి లెక్కవెట్టుడు మా రివాజు. కన్నకొడుకు మేపుకొచ్చినా లెక్క తప్పదు. గిరి తల దించుకోని లెక్క కోసం ఆగిండు. సుక్కమ్మ గొర్ల దిక్కు చూడనే లేదు. దొడ్డి తలుపు బార్ల తీసి, "కాళ్లు కడుక్కో, బువ్వ పెడ్త" అన్నది.

మూడొద్దులు కంట్ల చుక్క రానోడు దొడ్డి గుంజ పట్టుకోని పసిపిల్లోని తీరుగ ఏడ్చిండు. ఏడ్చుకుంటనే నాలుగు బుక్కలు తిన్నడు.

"ఆయనకు ఇంకింత పెట్టు అక్కా" అన్న నేను. పెండ్లయి తొమ్మిదేండ్లు, ఆమెను అక్కా అని పిలిచింది గదే మొదలు.