తువ్వాలు కింద గ్రాంటు

అప్పట్లో మా గుంటూరులో ఎండాకాలం వస్తే ఊరంతా తుమ్మేది, నేను మాత్రం అనుమానపడేవాణ్ణి. కిడ్నీ మార్పిడి విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసరుగా కొత్తగా చేరాను. చిన్న వయసు అధ్యాపకులకు పరిశోధన కోసం ఇచ్చే గ్రాంటు ఒకటుండేది. వయసు పరిమితి ప్రకారం నాకు అదే ఆఖరి ఏడాది. పరిశోధించడానికి మంచి ప్రశ్న కూడా దొరికింది. చెల్లెలిచ్చిన కిడ్నీతో బతికి బట్టకట్టిన మా పేషెంటు ఒకావిడ మిరపకాయల తొడిమలు తీసే పని చేసేది. వచ్చినప్పుడల్లా "కల్లంలోకి మళ్ళీ ఎప్పుడు పొమ్మంటారు బాబూ?" అని అడిగేది. మార్చిన కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని మందులతో అణిచిపెట్టిన మనిషి, ఆ మిరప దుమ్ములో, బూజులో కూర్చుంటే ఏమవుతుందో నాకు తెలియదు. పుస్తకాల్లోనూ దొరకలేదు (అవి రాసినవాళ్ళు మా మిరప యార్డు పక్కన నిలబడిన పాపాన పోలేదు).

మా నాన్న మిరపకాయల దలారీ. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడిన తరం. "బేరం తెగేదాకా వేలు బయటపెట్టకురా" అన్న మాటొక్కటే ఆయన నాకిచ్చిన ఆస్తి (పొలం అన్నయ్యకిచ్చారు, అదీ నేను మర్చిపోలేదు). ఆ మాట ప్రకారమే నా ప్రశ్నను దాచుకున్నాను. పక్క కుర్చీలో నాతోపాటే చేరిన స్నేహితుడు ఉండేవాడు. ఎప్పుడూ నవ్వుతుంటాడని మనసులో 'చిరునవ్వు' అని పేరు పెట్టుకున్నాను. అతనూ అదే గ్రాంటుకు పెడుతున్నాడు. "ఏరా, ఏం రాస్తున్నావ్?" అంటే "ఏదో" అనేవాణ్ణి. ఒకరోజు మిరపకాయ బజ్జీలు తెచ్చి పెట్టాడు. అందులోనూ నాకు ఎత్తుగడే కనబడింది (తినడం మాత్రం తిన్నాను). ప్రింటరులోంచి కాగితాలు వస్తుంటే పొట్ట అడ్డం పెట్టి నిలబడ్డాను. హెడ్డుగారి సంతకం కోసం వెళ్ళినప్పుడు సంతకం చోటు వదిలి మిగతా పేజీ మీద చేతిలోని తువ్వాలు కప్పాను. ఆయన తువ్వాలు వంక, నా వంక చూసి, "ఏమయ్యా, మా పొలం గానీ రాయించుకుంటున్నావా?" అంటూనే పెట్టారు.

అంతటితో ఊరుకున్నానా? కాగితంలోనే మిరప అనకుండా 'ఒకానొక పంట' అని రాశాను. కమిటీలో పెద్దలెవరైనా నా ప్రశ్న కొట్టేస్తే? ఇంటర్వ్యూకు వెళ్ళేసరికి, లోపల కూర్చోబోయే పెద్దమనిషి ఒకాయన వరండాలో మా 'చిరునవ్వు'తో మాట్లాడుతూ కనిపించాడు. దాంతో నా నోటికి తాళం పడింది. అధ్యక్షురాలు నెరిసిన జుట్టు పెద్దావిడ. ఏ పంట అని అడిగారు. గ్రాంటు వచ్చాక చెబుతానన్నాను. "గుంటూరు నుంచి వచ్చారు కదా, ఎర్రగా, ఘాటుగా ఉండే పంటేనా?" అంటే అందరూ నవ్వారు. ఎలాంటి బూజు, ఎలా పరీక్షిస్తారు అంటే చెప్పలేనన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "పసరు వైద్యుడు కూడా ఆకు పేరు చెప్పడు బాబూ. కాకపోతే ఆయన మమ్మల్ని గ్రాంటు అడగడు" అన్నారు.

గ్రాంటు చిరునవ్వుకు వచ్చింది. నా ప్రశ్నే కొట్టేశాడని ఆత్రంగా వెళ్ళి చూస్తే, అతనిది కిడ్నీ ఇచ్చినవాళ్ళ ఆరోగ్యం గురించి. దుమ్ము ఊసే లేదు. అప్పుడు ఇంకా కోపం వచ్చింది. ఎవరూ దొంగిలించలేదంటే దొంగిలించదగ్గది కాదనేగా! "చెప్పి ఉంటే ఇద్దరం కలిసి పెట్టేవాళ్ళం కదరా" అన్నాడు. అది ఇంకో ఎత్తుగడ అనుకున్నాను. తొడిమలావిడ మళ్ళీ అడిగింది. కొన్నాళ్ళు ఆగమన్నాను. "నేనాగుతాను బాబూ, కడుపు ఆగొద్దూ?" అంది. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని కల్లానికి పోయింది. అదృష్టం బాగుండి ఇప్పటికీ చెకప్‌కు వస్తోంది. అందరి అదృష్టమూ అలా ఉండలేదు.

ఇప్పుడు హెడ్డు కుర్చీలో నేనున్నాను. మొన్న, కనిగిరి వైపు నుంచి వచ్చి కొత్తగా చేరిన డాక్టరమ్మాయి అదే గ్రాంటు కాగితాల మీద సంతకం కోసం వచ్చింది. పేజీ మీద చున్నీ కప్పింది. సబ్జెక్టు ఏమిటమ్మా అంటే "ఏదో సార్" అంది. సంతకం పెట్టాను. పెట్టి, నాకు చెప్పకపోయినా ఫర్వాలేదు గానీ ఇంటర్వ్యూలో మాత్రం అంతా చెప్పు, దుమ్ము పేరు కూడా, అన్నాను. ఊరికే, నా అనుభవం కొద్దీ నోరు జారింది.

ఆ అమ్మాయి కాగితాలు గుండెలకు హత్తుకుంది. "దుమ్మని మీకెవరు చెప్పారు సార్?"

ఆ చూపు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు రోజూ అద్దంలో చూసుకున్నదే. ఆమె వెళ్ళాక చాలాసేపు ఒక్కణ్ణే నవ్వుకున్నాను. తొడిమలావిడ ఆ అమ్మాయినీ అడిగి ఉంటుంది, ఇన్నాళ్ళకు జవాబు వెతికే మనిషి దొరికింది, సంతోషం.

అయినా, నా ప్రశ్న ఆమెదాకా ఎలా వెళ్ళిందో ఒకసారి చిరునవ్వును అడగాలి.