క్వారీ రాతి మీద హాబేస్

పదో తరగతి పిల్లను రాయి దాదాపు పైదాకా ఎక్కాక కిందికి దింపించేశారు. ఆమె ఏ తప్పూ చేయలేదు. తాడు పట్టుకున్న నా దగ్గర సర్టిఫికెట్ లేదట.

నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి. విశాఖ ఓడ దిగినవాళ్ళు వదిలేసిన పత్రికలే ఆ తరువాతి నా చదువు. కానీ ముప్పై ఏళ్ళకు పైగా ఓడరేవులో కలాసీగా పనిచేశాను. నా చేతిలో తాడు జారి ఒక్క పెట్టె కింద పడలేదు. ఆ సంగతి ఏ సర్టిఫికెట్‌లో రాస్తారు?

మా దీవిలో ఫెరార్‌గంజ్ దాటాక, రోడ్డు కోసం రాయి కొట్టి వదిలేసిన పాత క్వారీ ఉంది. మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన ఒక కుర్ర శిక్షకుడు ఆదివారాలు అక్కడ మా ఊరు ఆస్టినాబాద్ పిల్లలకు రాయి ఎక్కడం నేర్పుతున్నాడు. ముడులు ఎలా వేస్తారో చూద్దామని వెళ్ళిన నేను మూడో వారానికి తాడు పట్టేదాకా వచ్చాను. తాడుకు బ్రేకు వేయడం అతను నాకు నేర్పాడు. కలాసీ కేకలు నేను పిల్లలకు నేర్పాను: తాడు లాగమంటే ‘హాబేస్’, వదలమంటే ‘ఆరియా’. ముడి వేసినవాడు తన ముడిని తానే నమ్మకూడదు, పక్కవాడు లాగి చూడాలి. అదీ మా ఓడ పద్ధతే.

ఆ ఉదయం ఎండ కాసి రాయి బాగా ఆరింది. రెండు వారాలుగా ఒకేచోట భయపడి దిగిపోతున్న పిల్ల మళ్ళీ ఎక్కింది.

“తాతా, పైర్ వణికిపోతంది! పట్టు దొరకట్లేదు!”

“కాలు వణికితే వణకనీ! ఎడం చెయ్యి పైన చీలిక ఉంది, వేళ్ళు దూర్చీ!”

“ఛిప్‌కలీలా అతుక్కుపోయిందిరా!” బల్లితో పోలుస్తూ కింద నుంచి స్నేహితురాలి ఎగతాళి.

“చుప్! నీ వంతు రానీ, చెప్తాను!”

ఆ కోపంతోనే వేళ్ళు చీలికలో దిగాయి. “తాతా, హాబేస్!”

లాగాను. పై అంచు ఇంకా రెండు చేతుల దూరం. పిల్లలందరూ హాబేస్, హాబేస్ అని అరుస్తుంటే క్వారీ గోడ కూడా తిరిగి అరిచింది. నా మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో తెలియలేదు.

అప్పుడు జీపు ఆగింది. మా ఆదివారాల శిబిరానికి అనుమతి ఇచ్చిన ఆఫీసు అధికారి దిగాడు.

“రస్సీ పట్టుకున్న బుడ్ఢా ఎవరు? సర్టిఫికెట్ ఉందా? హెల్మెట్ ఏది?”

“తలగుడ్డ ఉంది కదండీ. ఓడ మీద ఇదే సరిపోయింది.”

శిక్షకుడు సర్దిచెప్పబోయాడు. “ఉతారో!” అని, పిల్లను దింపమన్నాడాయన. నేను తాడు బిగించే పట్టుకున్నాను. చివరికి ఆ పిల్లే ఏడుపు మింగి, “ఆరియా” అంది.

శిబిరంలో ఇక మిగిలినవి రెండు ఆదివారాలు. శిక్షకుడు తాను తాడు పడతానన్నా ఆమె ఒప్పుకోలేదు. “తాత పడితేనే ఎక్కుతాను.”

నన్ను తాడు పట్టనివ్వమని ఆ ఆఫీసుకు నాలుగు పేజీల దరఖాస్తు తెలుగులో రాశాను. ఆమెకు తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదు. నేను చదువుతుంటే హిందీలో రాసింది.

“తాతా, ‘గాడిదలు’ అన్నది తీసేద్దామా?”

“తీసీ. ‘మూర్ఖులు’ అని పెట్టు.”

ఒక ఆదివారం వృథాగా పోయింది. ఆఖరి ఆదివారానికి రెండు రోజుల ముందు హిందీలో జవాబు వచ్చింది. తెలుగులో ఇదీ:

“శిక్షకుని పర్యవేక్షణలో దరఖాస్తుదారు తాడు పట్టుకొనుటకు అభ్యంతరం లేదు. అయితే తలగుడ్డను హెల్మెట్‌గా పరిగణించుట కుదరదు.”