పెలగేయ నడుము, స్టర్జన్ తాడు

వోల్గా నది సముద్రంలో కలిసే చోట, చేపలు కోసే షెడ్డులో పెలగేయది ఒకటే పని: స్టర్జన్ చేప వెన్నులోంచి తాడు లాగడం. ఆ చేపకు మనలా గట్టి వెన్నుపూసలుండవు. తల నుంచి తోక దాకా ఒకే తాడు, దాని నిండా జిగురు. తోక దగ్గర చుట్టూ గాటు పెట్టి, మెలితిప్పి, తెగకుండా లాగాలి. జిగురు పిండేసి తాడును ఎండబెడితే పండగకి కాల్చే పిరోగ్ రొట్టెలో కూరడానికి పనికొస్తుంది. సగంలో తెగితే షెడ్డంతా మూతి విరుస్తుంది. పెలగేయ చేతిలో అది తెగడం చూసినవాళ్లు తక్కువ. పెళ్లికి ముందే ఆమె ఈ కత్తి పట్టింది. చేపల వేటకు పోయిన మొగుడు తిరిగిరాకపోతే ఇద్దరు కూతుళ్లను దానితోనే పెంచింది. తాడు బయటికొచ్చాక అంత పెద్ద చేపా సత్తువ పోయినట్టు బల్లమీద వాలిపోయేది. ఆ సంగతి ఆమె ఏనాడూ పట్టించుకోలేదు.

ఆ వసంతంలో చేపల తొట్టె ఎత్తబోయి నడుము పట్టేసుకుంది. తర్వాత ఎడమ కాలు మొద్దుబారింది. పాదం ఈడ్చుకుంటూ ఆస్పత్రికి వెళితే డాక్టరమ్మ రిమ్మా ల్వోవ్నా దాచకుండా చెప్పింది.

"పూసల మధ్య జిగురు బయటికి పొంగి నరాన్ని నొక్కుతోంది, పెలగేయా యెరఫేయెవ్నా. కోసి తీసెయ్యాలి. ఆలస్యం చేస్తే ఆ పాదం ఇక లేవదు."

"జిగురా? తీసేస్తారా?" అంది పెలగేయ. లేచి ఇంటికొచ్చేసింది.

పక్క బల్ల మీద కోసే బుల్గున్, గుర్రాలు మేపే కల్మిక్ తెగ మనిషి, ఆమెను నిలదీసింది. "ఆస్పత్రికి వెళ్లవేం పిన్నీ?"

"తాడు లాగాక చేప ఏమవుతుందో రోజూ చూస్తూనే ఉన్నావుగా. నేనూ అలాగే వాలిపోతే?"

"నీ తాడుతో ఎవరూ పిరోగ్ చెయ్యరులే. నమిలితే పళ్లూడతాయి."

షెడ్డు షెడ్డంతా నవ్వింది. పెలగేయ నవ్వలేదు.

ఆమె ఎంతకీ రాకపోయేసరికి డాక్టరమ్మే షెడ్డుకు వచ్చింది. భయం సంగతి బుల్గున్ నోట విని, బల్ల మీదున్న తాడును చేతిలోకి తీసుకుంది.

"తల్లి కడుపులో మీకూ ఇదే ఉండేది. నాకూ ఉండేది. కప్పకి, కోడికి, వెన్నున్న ప్రతి జీవికీ మొదట ఇదే. పృష్ఠవంశం అని బళ్లో చెబుతారు. స్టర్జన్ దాన్ని అలాగే ఉంచుకుంది. మనలో దాని చుట్టూ ఎముక పెరిగింది, తాడు పోయింది, పూసకీ పూసకీ మధ్య చిటికెడు జిగురు మిగిలింది. మిమ్మల్ని నిలబెడుతున్నది ఎముకలు. నేను తీయిస్తానన్నది జారిన ముక్కని."

"గుర్రానికీ ఉంటుందా?" అంది బుల్గున్.

"ఉంటుంది."

"మా తాత గుర్రాన్ని తమ్ముడూ అని పిలిచేవాడు. చాదస్తం అనుకున్నాం."

పెలగేయ గొంతు తగ్గించి అడిగింది. "నా పిల్లలకి కూడానా? నా కడుపులో?"

"వాళ్లకీ. గుండె కొట్టుకోవడం మొదలవకముందే."

పెలగేయ తాడును తిరిగి తీసుకుంది. తడి ఆరకుండా మెరుస్తోంది. గుండె కంటే ముందు. కడుపుతో ఉన్నానని తనకే తెలియని రోజుల్లో, ఈ చేతులు ఇదే బల్ల దగ్గర చేపల తాళ్లు లాగుతుంటే, లోపల చడీచప్పుడూ లేకుండా ఇలాంటిదే ఒకటి సాగుతూ వచ్చిందన్నమాట. ఆ తాడును పిండలేక బుల్గున్ వైపు జరిపింది.

"ఎప్పుడు రమ్మంటారు?" అని డాక్టరమ్మను అడిగింది.

ఆస్పత్రిలో కోత అయ్యాక నర్సు లేచి నిలబడమంది. పెలగేయ మంచం పట్టె పట్టుకుని లేచి, వాలిపోతానేమోనని కళ్లు మూసుకుంది. వాలిపోలేదు. ఎడమ పాదం వేళ్లు కొద్దిగా పైకి లేచాయి. పూర్తిగా కాదు.

"తీసిందాన్ని ఏం చేశారమ్మా?"

"పారేశాం."

"పారేశారా!" పెలగేయ కసురుకుంది. "ఒక్కసారి చూపించి పారేస్తే మీ సొమ్మేం పోయింది? ఇన్నేళ్లూ చేపలవే చూశాను. నాది చూసుకోవద్దూ?"